రాళ్లకు చక్కిలిగిలి పెట్టిన గాలి

ఒకప్పుడు ఎడారి ఒళ్లంతా మెత్తటి దుమ్మే. రాళ్లన్నీ లోపలెక్కడో పడి నిద్రపోయేవి. పైన గాలిది ఆడిందే ఆట! గిరగిరా తిరిగేది, గంపలకొద్దీ దుమ్ము ఎత్తుకుని పారిపోయేది.

ఒకరోజు, మేకలు కాసుకునే ఈరవ్వ దగ్గరికి ఒక ఉడుము పరుగెత్తుకొచ్చింది.

"అవ్వా, కొంప మునిగింది! మూరెడు లోతున గుడ్లు పెట్టాను. గాలి పైదంతా ఊడ్చుకుపోయింది. ఇక జానెడే మిగిలింది. ఇంకో రెండు రోజులైతే నా పిల్లలు ఎండకు ఉడికిపోతారు!"

"ఏడవకే. ముందు ఈ నేల లోపల ఏముందో చూద్దాం" అంది ఈరవ్వ. కర్రతో గుంట తవ్వింది.

టక్!

"ఎవరది, నా నెత్తిన పొడిచింది?" ఒక రాయి ఆవులించింది.

"నేనేలే, ఈరవ్వను. మీరంతా పైకొచ్చి కూర్చోండయ్యా. మీ కింద దుమ్మును గాలి ఎలా ఎత్తుకుపోతుందో చూస్తా!"

"ఎలా రావాలవ్వా? మాకు కాళ్లేవీ?"

పాపం, నిజమే. ఈరవ్వ ఇంటికెళ్లింది. మర్నాడు వచ్చి చూస్తే, రాయి వేలెడు పైకొచ్చి ఉంది!

"ఎవరు లేపారు నిన్ను?"

"ఏమో! నిద్రపోయాను."

ఈరవ్వ ఊరుకుంటుందా? మొహానికి కొంగు కప్పుకుని గుంట పక్కనే కూర్చుంది. కన్ను తిప్పలేదు. గాలి వీచింది. గుప్పెడు దుమ్ము నేల బీటలో పడి, జారి, రాయి కిందికి దూరింది.

"హిహిహి! చక్కిలిగిలి!" రాయి మెలికలు తిరిగింది. తిరిగి తిరిగి, ఆ దుమ్ము మీదికెక్కి కూర్చుంది.

"ఓసినీ! ఇదా సంగతి!" ఈరవ్వ లేచి కేకేసింది. "ఓ గాలీ! నేల కింద రాళ్లున్నాయి. అన్నిటినీ నవ్వించగలవా?"

"నవ్వించలేనా? చూస్కో!"

గాలి బీటబీటలోనూ దుమ్ము దూర్చింది. ఒక రాయి కిసుక్కుమంది. పక్కది పకపకలాడింది. కాసేపటికి ఎడారి మొత్తం ఇకఇకలు! మేకలు గెంతాయి. ఉడుము వెల్లకిలా పడి తోక కొట్టుకుంది. రాళ్లు నవ్వుతూ, దొర్లుతూ, ఒకదాన్నొకటి తోసుకుంటూ పైకొచ్చేశాయి. దగ్గరదగ్గరగా సర్దుకుని కూర్చున్నాయి.

గాలి అలసిపోయి, ఇంటికి కాస్త దుమ్ము పట్టుకెళ్దామని వంగింది. చిటికెడు కూడా దొరకలేదు!

"అవ్వా! ఇదేం పని?"

"నవ్వించింది నువ్వే కదయ్యా!" అంది ఈరవ్వ.

వారం తిరిగేసరికి ఏడు ఉడుము పిల్లలు రాళ్ల సందుల్లోంచి తలలు బయటపెట్టాయి.

అప్పటినుంచే రాళ్ల ఎడారిలో రాళ్లు పైనా, మెత్తటి దుమ్ము కిందా ఉంటున్నాయి. గాలి కొత్త దుమ్ము తెచ్చినప్పుడల్లా అది వాటి కిందికే జారుతుంది. రాళ్లు ఇంకాస్త పైకి లేస్తాయి.