పిడికెడు పిప్పి

1974 ఫిబ్రవరి 17, ఆదివారం. అనకాపల్లి చుట్టుపక్కల ఎనిమిదిన్నర దాకా మంచు విడవలేదు. ఆ తరవాత ఎండ చురుక్కుమంది. గాలి మాత్రం ఆకు కదిలేటంత కూడా లేదు. ఇంత కచ్చితంగా చెప్పడం నా జ్ఞాపకశక్తి గొప్ప కాదు, నా పాత డైరీ గొప్ప. అందులో సగం మామిడి పూతకు మంచు చేసే చెరుపు గురించే ఉంది. అది వదిలేస్తాను.

మా జంతుశాస్త్రం మాస్టారు అప్పలనరసయ్య గారు తరగతిలో అడిగిన ప్రశ్నకు తరగతిలో జవాబు చెప్పేవారు కాదు. ఆ వారం నా సహాధ్యాయి దాలినాయుడు లేచాడు. "మాస్టారూ, చక్కెర నిప్పులో వేస్తే క్షణంలో కాలిపోతుంది. కణం దాన్ని ముక్కలు చేసి, మైటోకాండ్రియాలోకి పంపి, మెట్టు మెట్టుగా కాల్చడమెందుకు?"

"మీ ఇంట్లో బెల్లం వండుతున్నారటగా. ఆదివారం వస్తాను," అన్నారు మాస్టారు. బెల్లం మీద ఆశతో నేనూ వెంట వెళ్లాను.

ఆ ఏటికి వాళ్లు వండే ఆఖరి పెనం పాకం అది. ఆ బెల్లం పొయ్యి ఎగదోసే మనిషికే చెందాలని వాళ్లింట్లో ఆనవాయితీ. ఎగదోసేది దాలినాయుడి తల్లి అచ్చియ్యమ్మ. దాన్ని పురుడు దగ్గరపడిన కూతురు నూకాలమ్మకు పంపాలని ఆమె చెరకు నరికిన నాటి నుంచీ అనుకుంటోంది. పొయ్యి మూతి దగ్గర కూర్చుని ఎండిన చెరకు పిప్పి పిడికెడు వేసేది, కర్రతో లోపలికి నెట్టేది, మంట చప్పుడు విని మళ్లీ పిడికెడు వేసేది.

"ఆకలేసినప్పుడే పెట్టాల బాబూ. కూరితే దానికి ఊపిరాడదు," అని మాస్టారితో చెప్పి, కొడుకును కూర్చోబెట్టి మంచినీళ్లకు లేచింది.

దాలినాయుడికి మాస్టారి ముందు చురుకుదనం చూపాలనిపించింది కాబోలు, రెండు చేతులా పిప్పి ఎత్తి కూరాడు. మంట లేదు, పొగ. పాకం ఉడుకు తగ్గింది. కంగారుపడి కర్రతో కెలికాడు. గాలి దూరి పిప్పంతా ఒక్కసారి భగ్గుమంది. పాకం ఓ పక్కన మాడింది.

తెడ్డు తిప్పుతున్న తండ్రి గవరయ్య మాస్టారి వైపు ఓరగా చూశాడు. "కాలేజీలో ఇదేనేట్రా నేర్పతన్నారు?"

అచ్చియ్యమ్మ వచ్చి పాకం చుక్క నాలిక మీద వేసుకుంది. "సేదు," అంది. కాసేపటికి, "నూకాలికి ఏటి పంపను?" అంది. ఆ ఏడు ఏమీ పంపలేదు.

తిరిగొస్తూ మాస్టారు అన్నారు: "పిప్పంతా కాలింది, వేడంతా వచ్చింది. మరి బెల్లమేదీ, నాయుడూ? నువ్వడిగిన మైటోకాండ్రియా అలాంటి పొయ్యిలే, నీ కణాల్లో ఒక్కోదానిలో వందలున్నాయి. వాటి ముందు మీ అమ్మ కూర్చునుంది."

పన్నెండేళ్లకు అచ్చియ్యమ్మ పోయింది. చెరకు పొలం పెద్దకొడుక్కి, అంటే దాలినాయుడి అన్నకు వెళ్లింది. ఎగదోసే కర్ర నూకాలమ్మ అడిగి పట్టుకెళ్లింది. దాలినాయుడికి ఉద్యోగముంది కదా అని ఏమీ ఇవ్వలేదు. ఆ బాధ వాడు మాస్టారి దగ్గర వెళ్లబోసుకున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను.

"నీ కణాల్లో ఉన్న ఆ పొయ్యిలన్నీ మీ అమ్మవేనయ్యా. నాన్న నుంచి ఒక్కటీ రాలేదు. ఈ మధ్యే తేల్చారు," అన్నారు మాస్టారు.

వాడి మొహం విప్పారింది. "అయితే నా పిల్లలకి..."

"నీ నుంచి రావు. వాళ్లకి వాళ్లమ్మవి వస్తాయి. మీ అమ్మవి చూడాలనుంటే నూకాలమ్మ పిల్లల్ని చూసిరా." మాస్టారు కళ్లజోడు తుడుచుకున్నారు. "ఊరికే వెళ్లకు. బెల్లం పట్టుకెళ్లు."