ఐదో దెబ్బ

పూర్వం ఒక రాజ్యంలో కొండకొండకీ ఒక నగారా ఉండేది. ఒక కొండ మీద మోగింది విని పక్క కొండ మోగించేది. అలా కబురు కోటకు చేరేది. సేనాపతి వీరమల్లుడు కొత్త దరువులు కట్టి, "రేపటినుంచి అన్ని కొండలూ పాతవి మానేయాలి!" అన్నాడు.

నగారాలు చూసుకునే సుంకులమ్మ, "ముందు ఒక్క కొండ మీద వాయించి చూద్దాం దొరా" అంది.

"నా దరువునే శంకిస్తావా?"

"అయ్యో, ఎంతమాట! తొలి దరువు తమరి మేడ వెనక కొండ మీదే మోగాలని నా ఆశ."

సేనాపతి పొంగిపోయి సరేనన్నాడు.

కొత్త పద్ధతిలో నాలుగు దెబ్బలంటే శత్రువులు, ఐదంటే చుట్టాలు. మర్నాడు సేనాపతి మామగారి పల్లకి కనబడగానే కొండ మీద ఐదు దెబ్బలు కొట్టారు. నాలుగో దెబ్బకే మేడ కాపలావాళ్లు తలుపులు మూసి, పల్లకి దగ్గరికి రాగానే గోడ మీంచి దానిమీద పశువుల కుడితి కుమ్మరించారు. ఐదోది ఎవడు వింటాడు? సుంకులమ్మ పక్క కొండ మీద 'భయం లేదు' అనే పాత దరువు వాయిస్తే గానీ తలుపులు తెరుచుకోలేదు.

సంగతి విని రాజుగారు పడీపడీ నవ్వారు. "అన్ని కొండలూ ఒక్కసారే మార్చి ఉంటే?"

"'భయం లేదు' అని చెప్పే పాత దరువు ఏ కొండ మీదా మిగిలేది కాదు ఏలినవారూ" అంది సుంకులమ్మ. "ఎల్లుండి తమరి మామగారు కూడా వస్తున్నారు కదా!"