పెంకమ్మత్తకు శాలువా

ఏనుగులకొండ అడవిలో ఎవరికైనా సన్మానం చేయాలంటే జంతువులు ఒకటికి పదిసార్లు ఆలోచిస్తాయి. దానికి కారణం అక్కడి కట్టుబాటు. వేదిక ఎక్కి ఎవరినైనా పొగిడితే, ఆ పొగిడిన మాటకు పొగిడినవాడు చచ్చినట్టు కట్టుబడి ఉండాలి. అబద్ధాలాడటానికి అడవిలో బోలెడు చోటుంది, వేదికను మాత్రం వదిలేయండి అని ఏనుగు పెద్ద దంతప్ప వాళ్ల తాత పెట్టిన నియమం అది. ఒకసారి ఎలుగుబంటి కోతికి దండ వేస్తూ ఊపులో "నా గుహ నీ గుహే అనుకో" అన్నాడు. కోతి అలాగే అనుకుంది. ఇప్పటికీ ఆ గుహలో కోతి సంసారం ఉంటోంది, ఎలుగుబంటి బయట బండ మీద పడుకుంటున్నాడు. వాన పడితే లోపలికి రానిస్తారట, అదీ కోతి పెళ్లాం ఒప్పుకుంటేనే.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. శాలువా కప్పించుకున్నవాళ్లు మర్నాటి నుంచి పని ముట్టకూడదు. పెద్దరికంగా కూర్చోవాలి. అంతవరకు పనిచేసిన చోటును, చూసుకున్న వస్తువులను వేరొకరికి అప్పగించాలి.

గుంటనక్క జంబయ్యకు ఈ రెండో కట్టుబాటు గుర్తొచ్చిన రోజున ప్రాణం లేచొచ్చింది.

జంబయ్య ఆ అడవికి వైద్యుడు. ఎవరూ పెట్టలేదు, తనకు తనే అయ్యాడు. వాగు ఒడ్డున పెరిగే చేదుతీగ ఆకు పుళ్లకు మందని అక్కడ అందరికీ తెలుసు. జంబయ్య చేసిందల్లా ఆ ఆకును నోట కరుచుకుని గుమ్మం గుమ్మం తిరగడం. తుమ్మితే ఆకు, దగ్గితే ఆకు, కడుపుబ్బితే ఆకు, ఏమీ లేకపోతే ఇకముందు ఏమీ రాకుండా ఆకు. "రెండు నమలండి, నొప్పి తగ్గగానే ఉమ్మేయండి, ఎందుకొచ్చిన చేదు!" అనేవాడు. ఆకు ఇచ్చిన ఇంట్లోనే భోజనం. వేటాడటం మానేసి చాలా కాలమైంది. పొట్ట కూడా వచ్చింది.

అతని దారికి అడ్డు తగిలేది ఒక్క అలుగు పెంకమ్మే. ఒంటినిండా పెంకులు, సన్నని మూతి, చూపు అంతంతమాత్రం, ముక్కు మాత్రం మహా చురుకు. కొండవాలున ఒక బొరియలో ఉంటుంది. వయసులో ఉన్నప్పటి నుంచీ ఆమె పట్టుకున్న పని ఒకటే. ఏ జంతువుకు పుండు పట్టినా ఆ చీము కాస్త గీకి తెచ్చి అడవిదుంప ముక్క మీద రాస్తుంది. ముక్క నడిమధ్యన ఆకు పసరు చుక్క వేసి ఆకుదొప్పలో మూసిపెడుతుంది. మర్నాడు తీసి చూస్తే ముక్కంతా కుళ్లి, పసరు పడిన చోటు చుట్టూ మాత్రం గుండ్రంగా శుభ్రంగా ఉంటుంది. ఆ శుభ్రమైన చోటు ఎంత పెద్దదైతే ఆ పుండుకు ఆ ఆకు అంత బాగా పనిచేస్తుందన్నమాట. పెంకమ్మ వయసులో ఉన్నప్పుడు ఆ గుండ్రం పెద్దగా ఉండేది. ఏటికేడూ తరుగుతూ వచ్చింది. ఈ మధ్య కొన్ని ముక్కల మీద గుండ్రమే ఉండటం లేదు. పసరు చుక్క కిందే కుళ్లు హాయిగా పెరుగుతోంది.

"పుండులో కంటికి ఆనని పురుగు ఉంటుందర్రా," అని ఆమె కనబడిన వాళ్లకల్లా చెప్పేది. "సగం తిని ఆకు ఉమ్మేస్తే మెత్తవి చస్తాయి, మొండివి మిగులుతాయి. తర్వాత పిల్లల్ని పెట్టేది ఆ మొండివే. అవసరం లేకుండా నమిలారా, ఆకును వాటికి మనమే అలవాటు చేసినట్టు."

వినేవాళ్లు తలలూపి ఆవలించేవాళ్లు. కిందటి వానల్లో అడవిపంది కోరన్న కూతురికి డొక్కలో పుండు లేచింది. జంబయ్య ఆకు మీద ఆకు కట్టాడు. పిల్ల దక్కలేదు. "దాని ఆయుష్షు అంతే, బావా," అన్నాడు జంబయ్య, వాళ్లింట్లో భోంచేసి మూతి తుడుచుకుంటూ. అంతకన్నా ఏమనాలో నిజంగానే అతనికి తెలియలేదు.

ఇప్పుడు అతని వెనక కాలిలోనే తుమ్మముల్లు దిగింది. ముల్లు వచ్చేసింది గానీ పుండు మిగిలింది. చేదాకు నమిలాడు, నూరి కట్టాడు, పసరు పిండాడు. పుండు వాచి చీము పట్టింది. వైద్యుడి కాలే మానలేదని తెలిస్తే ఇక ఏ ఇంట్లో విస్తరి వేస్తారు? అందుకని నలుగురిలో కుంటకుండా నడవడం నేర్చుకున్నాడు. ఇంటికొచ్చాక మాత్రం తోక కరుచుకుని ఏడ్చేవాడు. కోరన్న కూతురు గుర్తొచ్చేది. భయం వేసేది.

తనకు పనికొచ్చే మందు ఎక్కడుందో అతనికి తెలుసు. పెంకమ్మ బొరియ పక్కనే నల్లతీగ పొద ఒకటుంది, అడవి మొత్తానికి ఆ ఒక్కటే. ఏ పురుగుకూ ఇంకా అలవాటు కాని ఆకు అదని, అన్ని ఆకులూ చేతులెత్తేసినప్పుడు మాత్రమే ముట్టాలని ఆమె కాపలా కాస్తోంది. వెళ్లి అడిగితే కాలి సంగతి బయటపడుతుంది. దొంగిలిద్దామని ఒకసారి పొద దాకా వెళ్లాడు కూడా.

"ఎవరదీ, అల్లుడా?" అంది లోపలి నుంచి పెంకమ్మ, వాసన పట్టి.

"నేనే అత్తా, ఒంట్లో ఎలా ఉందో కనుక్కుందామని," అని వచ్చిన దారినే పోయాడు.

అదీ సంగతి. శాలువా కప్పితే ఆమె పని మానుతుంది, పొద చేతులు మారుతుంది. అడవిలో వైద్యుడు ఇంకెవరున్నారు కనక! జంబయ్య తిన్నగా దంతప్ప దగ్గరికి వెళ్లాడు.

"పెద్దయ్యా, పెంకమ్మత్త జీవితమంతా పుళ్ల మీద పరిశోధన చేసింది. ఇన్నాళ్లూ మనం గుర్తించకపోవడం సిగ్గుచేటు కాదూ?"

దంతప్ప చెవులు ఆడించాడు. "నువ్వా ఈ మాట అంటున్నది? ఆవిడంటే నీకు పడదనుకున్నానే."

"మాట తేడాలు వేరు, విద్వత్తు వేరు పెద్దయ్యా."

"సరే, చేయండి. కానీ వేదిక మీద నోరు జాగ్రత్త. ఎలుగుబంటిని చూశావుగా."

"నేను చూసుకుంటాగా," అన్నాడు జంబయ్య. ఇల్లూ తిండీ తప్ప ఏది పొగిడినా నష్టం లేదని అతని లెక్క.

పెంకమ్మను పిలవడానికి వెళ్లేసరికి ఆమె దుంప ముక్కల మీద ఈగలు తోలుతోంది.

"నాకెందుకు నాయనా ఆ ఆర్భాటం? నేను అటొస్తే ఈగలు వాలి ముక్కలన్నీ పాడవుతాయి."

"అలా అనకత్తా. అడవంతా వస్తోంది."

ఆమె చేస్తున్న పని ఆపింది. "అందరూ వస్తారా? నా పని గురించి ఒక్కచోట కూర్చుని వింటారా?"

"వింటారు."

"అయితే పని మానాల్సొచ్చినా సరే, వస్తా," అంది. ఆ ముఖంలో సంతోషం చూసి జంబయ్యకు కాస్త ఇబ్బందిగా అనిపించింది. కాలు సలపడంతో ఆ ఇబ్బంది మరిచిపోయాడు.

సభ వాగు పక్కన బండల మీద పెట్టారు. గోరింక వ్యాఖ్యానం. గిజిగాళ్లు మోదుగాకులతో శాలువా కుట్టి తెచ్చాయి, చాలా బాగా కుట్టాయి. దుప్పి లేచి పెంకమ్మ చాలా మంచిదని చెప్పింది. కొండముచ్చు లేచి పెంకమ్మ ఎంత మంచిదో తనకంటే దుప్పికే బాగా తెలుసని చెప్పింది. ఇన్నేళ్లుగా ఆమె ఏం చేసిందో మాత్రం ఎవరూ చెప్పలేదు. దుంపలతో ఏదో చేస్తుందని అందరికీ లీలగా తెలుసు. నియమానికి భయపడి అందరూ పొడి పొడి మాటలతో దిగిపోయారు. పెంకమ్మ దండ బరువుకు తల వంచి ఓపిగ్గా కూర్చుంది, తన వంతు ఎప్పుడొస్తుందా అని.

జంబయ్య శాలువా పట్టుకుని దగ్గరికొచ్చాడు. కప్పడానికి వంగాడు. పెంకమ్మ ముక్కు రెండుసార్లు కదిలింది.

"కాలు చీము పట్టింది కదూ, అల్లుడూ?" అంది. ఆమె గొంతు తగ్గించే అంది గానీ, చెవిటివాళ్లు గొంతు తగ్గించినట్టుగా ఉంటుంది ఆమె తగ్గించడం. ముందు వరసలో కూర్చున్న కోరన్న మూతి ఎత్తి చూశాడు.

జంబయ్య గబగబా శాలువా కప్పేశాడు. ఆ మాట ఇంకెవరి చెవినా పడకముందే కప్పెట్టేయాలి. అనుకున్న నాలుగు ముక్కలూ మరిచిపోయి గొంతు చించుకున్నాడు.

"సోదర సోదరీమణులారా! పెంకమ్మత్త అంటే ఎవరు? ఈ అడవికి ఊపిరి! ఆమె చూసి చెప్పనిదే ఇక్కడ ఆకు మందే కాదు, గడ్డి!"

చప్పట్లు మోగాయి. కోరన్న ఇంకా జంబయ్య కాలి వైపే చూస్తున్నాడు. జంబయ్య గొంతు ఇంకాస్త పెంచాడు.

"ఆమె స్థానం ఆమెదే! ఆ స్థానంలో మరొకరు కూర్చోలేరు, కూర్చోబోరు! ఇది నా ఒక్కడి మాట కాదు, అడవి అందరి తరఫునా చెబుతున్నాను!"

ఈసారి చప్పట్లు ఆగలేదు. జంబయ్యకే ఒళ్లు పులకరించింది. మాట ఎంత దూరం పోయిందో అతనికి వచ్చి కూర్చున్నాక కూడా తట్టలేదు.

"ఇప్పుడు సన్మాన గ్రహీత రెండే రెండు మాటలు మాట్లాడతారు. అటుపక్క విస్తళ్లు వేస్తున్నారు," అంది గోరింక. సగం సభ లేచి తోకలు దులుపుకుంటోంది.

పెంకమ్మ లేచింది.

"రెండు మాటలే మాట్లాడతాను. ఆ రెండూ జంబయ్య ఇప్పుడే చెప్పాడు. నేను చూసి చెప్పనిదే ఆకు మందు కాదన్నాడు. నా స్థానంలో మరొకరు కూర్చోబోరన్నాడు. అందరి తరఫునా అన్నాడు. పెద్దయ్యా, ఈ అడవిలో పొగడ్తకు కట్టుబడాలా, అక్కర్లేదా?"

లేచినవాళ్లు ఎక్కడివాళ్లు అక్కడే ఆగిపోయారు.

"అది... అది మర్యాదకు అంటారు కదా పెద్దయ్యా," అన్నాడు జంబయ్య లేచి. "శాలువా కప్పించుకున్నాక పని మానాలని కదా మన ఆచారం? నల్లతీగ పొద సంగతి ఎవరో ఒకరు..."

"ఆహా, పొద కోసమా ఈ శాలువా!" అన్నాడు ఎలుగుబంటి. గుహ పోయిన దగ్గర్నుంచి ఇలాంటి విషయాలు అతనికి త్వరగా అర్థమవుతాయి.

దంతప్ప ఏదో అనబోయేలోపు కోరన్న ముందుకొచ్చాడు.

"పెంకమ్మక్కా, నా కూతురికి కట్టింది చేదాకే. నీ దగ్గరికి తెచ్చుంటే బతికేదా?"

పెంకమ్మ కోరన్న వైపు తిరిగింది.

"బతికేదని చెప్పలేను, కోరన్నా. అలా చెబితే అబద్ధమవుతుంది. ముక్క మీద చూసి ఉంటే, చేదాకు పనిచేయదని మర్నాడే తెలిసేది. వేరేది కట్టి చూసేవాళ్లం. అంతే చెప్పగలను."

కోరన్న తల దించుకున్నాడు. జంబయ్య కూడా దించుకున్నాడు. ఆ పూట వాళ్లింట్లో తిన్న భోజనం గుర్తొచ్చింది, సిగ్గేసింది. నిజంగానే వేసింది.

దంతప్ప తొండం ఎత్తాడు. "జంబయ్యా, ఎలుగుబంటి మాట మీద నిలబడి బండ మీద పడుకుంటున్నాడు. నీకు వేరే నియమం ఉండదు. ఆమె స్థానంలో మరొకరు కూర్చోబోరని నువ్వే అన్నావు, కనక పెంకమ్మ పని మానదు. శాలువా ఆచారం ఆమెకు వర్తించదు. ఇవాళ్టి నుంచి ఆమె చూడకుండా ఎవరూ ఆకు ఇవ్వకూడదు, తినకూడదు. ఇక భోజనాలకు పదండి."

జంబయ్య భోజనానికి వెళ్లలేదు. సందడి అయ్యాక, ఎవరూ లేని దారి చూసుకుని కుంటుకుంటూ కొండవాలు ఎక్కాడు. ఇప్పుడు కుంటకుండా నడవాల్సిన అవసరం కూడా లేదు. పెంకమ్మ అప్పటికే దుంప కోసి ఉంచింది.

"వస్తావనుకున్నా. కాలు ఇటు పెట్టు, అల్లుడూ."

"అందరికీ చెబుతావా అత్తా?"

"నీ కాలి గొడవ నాకెందుకు? నాకు కావాల్సింది నీ చీము."

రెండు ముక్కల మీద రాసింది. ఒకదాని మీద చేదాకు పసరు, ఇంకోదాని మీద నల్లతీగ పసరు చుక్క వేసింది. దొప్పల మీద ఈగలు ముసరకుండా ఏదైనా కప్పుదామని చుట్టూ తడిమింది. ఒంటి మీది మోదుగాకుల శాలువా తగిలింది. తీసి ముక్కల మీద కప్పింది. సరిగ్గా సరిపోయింది.

"గిజిగాళ్లు భలే కుట్టాయి," అంది సంబరంగా. "ఇన్నేళ్లకు ఒక మంచి మూత దొరికింది."

మర్నాడు శాలువా తీసి చూశారు. చేదాకు ముక్క మొత్తం కుళ్లింది, చుక్క కింద కూడా. ఇన్నాళ్లుగా ఇంటింటికీ తను పంచిన మందు అలా పనికిరాకుండా పోయి ఉండటం జంబయ్య కళ్లారా చూశాడు. నల్లతీగ ముక్క మీద మాత్రం గుండ్రం పెద్దగా, తెల్లగా ఉంది.

పెంకమ్మ పొదలోంచి కావలసినన్ని ఆకులే లెక్కగా తెంపింది. "రోజూ ఇక్కడికొచ్చి నా ఎదురుగా నమలాలి. నొప్పి తగ్గిందని మానేయడానికి వీల్లేదు. నేను చాలన్నప్పుడే చాలు."

జంబయ్య నమిలాడు. అంత చేదు అతను పుట్టాక ఎరగడు. నొప్పి తగ్గింది, వాపు తీసింది, కుంటు పోయింది. అయినా ఆమె చాలనలేదు. ఉమ్మేద్దామని మూతి పక్కకు తిప్పినప్పుడల్లా ఆమె అటు తిరిగి ఉండి కూడా "అల్లుడూ" అనేది. మింగేవాడు. ఆకు నములుతూ ఊరికే కూర్చోవడం దేనికని ఈగలు తోలే పని కూడా అతనికే అప్పజెప్పింది. పుండు పూర్తిగా మానాక జంబయ్య చాలా కాలానికి మళ్లీ వేటకు బయల్దేరాడు. మొదటి రోజు కప్ప ఒకటి దొరికింది. అదీ ముసలిది.

గొప్పవాళ్లకు శాలువా కప్పడం సుళువే, వాళ్లు చెప్పిన మాట వినడమే అసలైన సన్మానం.