ఒక్కరికే చెల్లే పిలుపు

సుధీంద్ర కంప్యూటర్ ముందు తల పట్టుకుని కూర్చున్నాడు. నామ సప్తాహం దగ్గరకొచ్చేసింది, జట్లు నిండలేదు.

సప్తాహమంటే మీకు తెలుసు కదమ్మా! ఏడు రోజులూ రాత్రనక పగలనక దీపస్తంభం చుట్టూ తిరుగుతూ హరినామం పాడాలి. ఒక జట్టు అలిసేవేళకి ఇంకో జట్టు అందుకోవాలి. మధ్యలో నామం తెగకూడదు. నాగావళి ఒడ్డున మా పెద్దస్వామివారి ఆశ్రమంలో అది ఏనాడూ తెగలేదు. ఊరూరూ తిరిగి జట్లను పిలుచుకొచ్చే గోపాలదాసుగారేమో ఈ ఏడు మోకాలి ఆపరేషనై మంచం మీద ఉన్నారు. "పిలుపుల సంగతి నాకు వదిలెయ్యండి స్వామీ" అని మాటిచ్చినవాడు సుధీంద్ర. విశాఖలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి వచ్చిన శిష్యుడు.

చేశాడండీ, బంగారంలాంటి పనే చేశాడు! ఒక్కో భక్తుడి పేర ఒక్కో లింకు పుట్టించే సాధనం తయారుచేశాడు. ఫోనులో ఆ లింకు నొక్కితే చాలు, మనిషి తన జట్టులో చేరిపోతాడు. దాన్ని ఎలా వాడాలో పుస్తకమంత వివరణ రాసి, లింకుతో పాటే పంపాడు. జట్టు పెద్దలకి అందింది. ఆ పెద్దలు మాత్రం చేరారు. మిగతావాళ్ళ ఫోన్లలో 'ఈ లింకు చెల్లదు' అని వస్తోంది.

పాలవలస జట్టు పెద్ద నరసమ్మ ఊరుకోలేక ఆశ్రమానికే వచ్చేసింది.

"ఏటి బాబూ, నీ లింకు నాకే పనిచేసింది. మావోళ్ళకి చెల్లదంటంది!"

"అది మీ ఒక్కరికేనమ్మా. మీరు ఎవరికి పంపారు?"

"ఊరందరికీ పంపినాను. స్వామోరి కాడినుంచి వచ్చింది కదా! పెసాదం ఒక్కదాన్నే మింగేస్తానేటి?"

"మీవాళ్ళకి మీరే కొత్త లింకులు తీసి ఇవ్వచ్చమ్మా! పదకొండో పేజీలో రాశాను కదా!"

"పదకొండో పేజీయా! మొదటి పేజీకే నాకు కళ్ళు తిరిగినాయి నాయనా" అని నరసమ్మ కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం భజనవేళ సుధీంద్ర మండపానికి వచ్చాడు. పెద్దస్వామివారు తాళాలు వాయిస్తూ దీపం చుట్టూ తిరుగుతున్నారు. ఆయన వెంటే నడుస్తూ మొరపెట్టుకున్నాడు.

"ఎవరూ చదవరు స్వామీ! లింకు ఎలా పుడుతుందో, సర్వర్ దాన్ని ఎలా గుర్తుపడుతుందో, గడువు ఎందుకు తీరుతుందో, అన్నీ రాశాను. నా వల్ల నామం తెగిపోతుందేమో! ఇంకేం రాయను?"

మా దగ్గర తాళాలు కింద పెట్టరు, మోగుతూండగానే చేతులు మారాలి. స్వామివారు ఆ మోగే తాళాలను అలాగే శిష్యుడి చేతుల్లో పెట్టారు.

"అయ్యో, నాకు రాదు స్వామీ! ఇది ఏ తాళమో కూడా తెలీదు!"

"పట్టుకో. నడు."

వెనకనుంచి అతని మణికట్లు పట్టుకుని స్వామివారు కాస్త దూరం నడిపించారు. తరవాత వదిలేశారు. తాళం ఆగలేదు! వెనక ఆయన లేరని సుధీంద్ర చూసుకునేసరికే దీపం చుట్టూ మరోసారి తిరిగి వచ్చేశాడు.

వేరొకరు అందుకున్నాక, చెమట తుడుచుకుంటూ వచ్చి స్వామివారి పక్కన కూర్చున్నాడు.

"ఇంతకీ అది ఏ తాళం స్వామీ?"

"లోపలికొచ్చేశావుగా. తొందరేముంది?"

సుధీంద్ర చటుక్కున ఆయన ముఖంలోకి చూశాడు. ఒక దణ్ణం పెట్టి, తిన్నగా కంప్యూటర్ దగ్గరికి వెళ్ళాడు. ఈసారి రాసింది ఇంతే:

"అమ్మా, అయ్యా! ఈ లింకు మీ ఒక్కరికే. నొక్కండి, జట్టులోకి వచ్చేసినట్టే. మీవాళ్ళు కూడా రావాలంటే 'పిలుపు' అన్నచోట నొక్కండి, వాళ్ళకీ ఒకటి వస్తుంది. ఎంతమందికైనా పంచండి."

సప్తాహం మొదలైంది. ఒక మిట్టమధ్యాహ్నం, ఎండ నిప్పులు చెరుగుతోంది. పాడుతున్నవాళ్ళ గొంతులు బొంగురుపోయాయి. నామం సన్నగా, దారప్పోగులా సాగుతోంది. రావలసింది నరసమ్మ జట్టు. సుధీంద్ర గేటు పట్టుకుని రోడ్డుకేసి చూస్తూ నిలబడ్డాడు. రోడ్డు ఖాళీ.

ముందు పాట వినిపించిందండీ, ఆ తరవాతే మనుషులు కనిపించారు! ఆటోలు, ట్రాక్టర్లు, నడిచి వచ్చేవాళ్ళు! అందరికంటే ముందు నరసమ్మ.

"పంచేసినాను బాబూ! మా ఆడపడుచు ఊరోళ్ళు కూడా వచ్చేసినారు. మండపం సరిపోద్దా?"

సరిపోలేదు! మోగే తాళాలు మోగుతూనే చేతులు మారాయి. దారప్పోగు కాస్తా ఏరై పొంగింది. ఆ రోజే కాదు, ఆఖరి రోజుదాకా నామం తెగలేదు. ఏదీ, మీరంతా ఒక్కసారి గట్టిగా గోవిందా అనండి!

హారతి అయ్యాక సుధీంద్ర స్వామివారి పాదాలకు మొక్కాడు.

"ఆ పాత వివరణంతా తీసి పారేస్తాను స్వామీ."

"పారెయ్యకు. గుమ్మంలోంచి తీసి లోపల పెట్టు" అన్నారు స్వామివారు. తన పక్కనే చాప తట్టి, "రా, కూర్చో. నువ్వు వేసింది ఏ తాళమో ఇప్పుడు చెబుతాను."