బుల్లెమ్మ చెయ్యి, వేడమ్మ సిగ్గు

ఒకప్పుడు నరాలకు వేసవీ చలికాలమూ ఒకటే. ఎండలోనైనా మంచులోనైనా వాటి కబురు ఒకే నడకన వెళ్ళేది.

నరం అంటే ఒంట్లో ఉండే సన్నని తీగ. "చెయ్యెత్తు" అని మెదడు చెబితే, ఆ కబురును చేతిదాకా మోసేది అదే. నరానికి మెత్తని కొవ్వు తొడుగు ఉంటుంది. తొడుగులో అక్కడక్కడా సందులు, ఆ సందుల్లో చిన్న చిన్న తలుపులు. ఆడపిల్లలు తొక్కుడుబిళ్ళలో గడి నుంచి గడికి గెంతినట్టు, కబురు సందు నుంచి సందుకు గెంతుతుంది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా కబురుకు ఒక తోపు దొరుకుతుంది. ఆ తోపుతో మరో గెంతు.

ఆ రోజుల్లో వేడమ్మ, చలెమ్మ అని ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఉండేవాళ్ళు. పెద్దది వేడమ్మ. పని కనబడితే చాలు, చెయ్యి వెయ్యకుండా ఉండలేదు. అది మంచి గుణమే. కానీ చెయ్యి వేసిన ప్రతిచోటా పొగడ్త కూడా కావాలి. అదీ తంటా.

ఒకరోజు వేడమ్మ నరాలన్నిటినీ పిలిచింది.

"మీ తలుపులకు నా మాట వినడం నేర్పండే. నేను దగ్గరికొస్తే ఠప్పున తెరుచుకోవాలి, ఠప్పున మూసుకోవాలి. కబురు లేడిపిల్లలా పరుగెత్తుతుంది!"

"మరి చలెమ్మ వస్తేనో?" అన్నాయి నరాలు.

"అదా? అదొక మొద్దు. అదొస్తే తలుపులు కూడా మొద్దుగానే కదలనివ్వండి. మా ఇద్దరిలో ఎవరు పనిమంతురాలో లోకానికే తెలుస్తుంది."

చలెమ్మ పక్కనే ఉంది. అంతా వింది. నరాలు సరేనన్నాయి.

ఆ తర్వాత చలి పొద్దుల్లో వేళ్ళు కొంకర్లు పోయేవి. ముడి వెయ్యబోతే పడేది కాదు. జనం చలెమ్మను తిట్టుకునేవాళ్ళు. మంట దగ్గర చేతులు కాచుకోగానే వేళ్ళు చకచకా ఆడేవి. "చల్లగా ఉండు వేడమ్మ తల్లీ!" అనేవాళ్ళు. ఆ దీవెనకు ఎవరికీ నవ్వు రాలేదు. వేడమ్మకు అసలే రాలేదు. ఆమె పొంగిపోయింది.

గోదావరి లంకలో పూతరేకులు తీసే ఆడవాళ్ళ పాక ఒకటి ఉండేది. బోర్లించిన కుండల కింద కొబ్బరాకుల మంట. పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి, కాలిన కుండ మీద ఒక్క విసురుగా పరవాలి. పరిచిందే రేకు. చెయ్యి ఒక్క క్షణం తడబడితే రేకు మందమై మాడుతుంది. అక్కడ అందరి చేతులూ వేడమ్మ చలవతోనే పరుగెత్తేవి. అందుకే ఆమెకు ఆ పాకంటే ప్రాణం.

ఆ వరసలో మేటి బుల్లెమ్మ. ఆమె తీసిన రేకులోంచి అవతలి మనిషి మొహం కనబడేది.

ఒక వానాకాలం బుల్లెమ్మకు పెద్ద జబ్బు చేసింది. తగ్గాక మళ్ళీ కుండ ముందు కూర్చుంది. పైకి మనిషి బాగానే ఉంది. పొద్దున్నే చెయ్యి బాగానే ఆడేది. మంట రాజుకునేసరికి మాత్రం చెయ్యి బరువెక్కేది, చూపు మసకబారేది. రేకు మీద రేకు మాడిపోయేది.

పేరంటాలు అనే ఆవిడ ఆ పాకకు పెద్ద. ఆమె ఊరుకోలేదు.

"ఏమేవ్, పొద్దున్న ఆడిన చెయ్యి ఇప్పుడేమైందే? అలిగిందా?"

"ఏమో అక్కా, నా మాట వినడం లేదు."

"ఆడాళ్ళకు పని ఎగ్గొట్టాలంటే రోగాలకేం కొదవ!" అన్నాడు గడపలో కూర్చున్న ఒక పెద్దమనిషి. అప్పటికి మూడు పూతరేకులు తిన్నాడు. ఆ మాట అన్నది వేలికంటిన నెయ్యి నాకుతూనే.

"రేపూ ఇదే వరసయితే నీ కుండ ఇంకొకరికి ఇచ్చేస్తా," అంది పేరంటాలు.

ఆ కుండ పోతే బుల్లెమ్మకు లంకలో మరో పని లేదు.

మర్నాడు వేడమ్మ తనే పూనుకుంది. 'దీని సంగతి నేను చూస్తా' అనుకుని, మంటను ఎగదోసి, బుల్లెమ్మ మీదికి వంగింది.

"వేడమ్మా, కాస్త దూరం జరుగు," అంది బుల్లెమ్మ మెల్లగా.

వేడమ్మకు రోషం వచ్చింది. "నన్నే జరగమంటావా? అందరి చేతులూ నా దగ్గర పరుగులు పెడుతుంటే నీకేం మాయరోగం? నాటకాలు!" అని పాకంతా వినేలా అరిచింది. ఇంకా దగ్గరికి జరిగింది.

బుల్లెమ్మ చెయ్యి తెగిన తీగలా కుండ మీద పడింది. తియ్యాలనుకుంది. కబురు చేతికి చేరలేదు. అరచెయ్యి చుర్రుమంది. పేరంటాలు పరుగున వచ్చి ఆ చేతిని లాగింది.

ఏటిగాలి మీద చలెమ్మ వచ్చింది. తడిగుడ్డై బుల్లెమ్మ మెడ చుట్టూ, చేతి చుట్టూ చుట్టుకుంది. కాసేపటికి చిటికెనవేలు కదిలింది. తర్వాత మిగతా వేళ్ళు.

 పేరంటాలు తల వంచుకుంది.

వేడమ్మ దూరం నుంచే బుల్లెమ్మ చేతి నరాన్ని అడిగింది. "ఏమైందే నీకు?"

"ఆ జబ్బులో నా తొడుగు చిరిగిపోయింది. కబురు బలమంతా దారిలోనే కారిపోతోంది. మిగిలిన ఆ కాస్త బలంతో సందు దాటాలంటే తలుపు కొంచెంసేపు తెరిచి ఉండాలి. నువ్వొస్తే ఠప్పున మూసుకుంటుంది. చలెమ్మ వస్తే నెమ్మదిగా మూసుకుంటుంది. అందుకే దాటగలిగాను."

"ముందే చెప్పొచ్చుగా?"

"నువ్వు విన్నావా?"

వేడమ్మకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఎవరైనా నాలుగు తిడితే బాగుండుననిపించింది. ఎవరూ తిట్టలేదు. బుల్లెమ్మ ఆమె వైపు చూడనైనా లేదు. తాను సాయమనుకున్నది ఆ అరచేతిలో ఎర్రగా పొక్కింది.

"ఆనాటి మాట వెనక్కి తీసుకోండి," అని నరాలను బతిమాలింది.

"తలుపులకు అలవాటైపోయింది. ఇక మా చేతిలో లేదు," అన్నాయి అవి.

"మరి నేనేం చెయ్యను?"

అప్పుడు బుల్లెమ్మ తలెత్తింది. "దూరం జరగమని ఇందాకే చెప్పాను. అది చాలు."

వేడమ్మ రెండడుగులు వెనక్కి జరిగింది. చివరికి ఇంత మాత్రం అంది. "నీలాంటి వాళ్ళ దగ్గర నేను తీసుకున్న బలాన్ని పట్టుకుపోను. వెళ్ళేటప్పుడు ఎక్కడిదక్కడ పెట్టేసి పోతాను."

చెయ్యి మానాక పేరంటాలు బుల్లెమ్మ కుండను ఏటిగాలి తగిలే వైపుకు తనే మోసింది. ఎండెక్కేదాకానే పని, పక్కన తడిగుడ్డ. క్షమించమని నోటితో అడగలేకపోయింది.

అప్పటినుంచే మంచి నరం వేడికి పరుగెత్తుతుంది, చలికి మందగిస్తుంది. తొడుగు చిరిగిన నరం మాత్రం వేడికి మూగబోతుంది, చల్లబడగానే మళ్ళీ పలుకుతుంది. అలాంటి మనిషి ఎండలో తూలి నీడకు చేరితే, పోయిన బలం మెల్లగా తిరిగొస్తుంది. వేడమ్మ దాన్ని అక్కడ పెట్టి, తల ఎత్తకుండా వెళ్ళిపోతుంది.