మడ్డి దిగేదాకా

ఓబులేసుకి కూర్చోవడం చేతకాదు. తిప్పమ్మవ్వ నడిపే మఠానికి వచ్చి చాలా కాలమైనా ఆ ఒక్క విద్యా అతనికి పట్టుబడలేదు. లారీ తోలి తోలి వచ్చినవాడు. కళ్లు మూసుకుని ధ్యానంలో కూర్చుంటే కుడికాలు దానంతటదే కదిలేది, యాక్సిలేటరు తొక్కుతున్నట్టు. పక్కన కూర్చున్నవాళ్లు ఒక కన్ను తెరిచి చూసి, "ఏ ఊరు దాటినావప్పా?" అని అడిగేవాళ్లు.

వాళ్లకు నవ్వులాట. అతనికి ఏడుపొచ్చేది.

మఠమంటే పెద్దదేమీ కాదు. కొండ మలుపులో రెండు రేకుల కొట్టాలు, ఒక వంటిల్లు, ఒక పాత డీజిల్ కారు. ఆ చుట్టుపక్కల పల్లెలకు బస్సు లేదు. జబ్బుపడినవాళ్లను ఘాటు రోడ్డు దాటించి టౌను ఆసుపత్రికి చేర్చేది ఆ కారే. తిప్పమ్మవ్వ ఎవరికీ పెద్దగా బోధలు చేసేది కాదు. వచ్చినవాళ్లకు గంజి పోసేది, వక్కాకు నములుతూ వాళ్లు చెప్పుకునేది వినేది. అయినా జనం ఆమెను గురువంటారు. ఎందుకంటారో వాళ్లను అడిగితే సరిగ్గా చెప్పలేరు.

కారుకు నిండా డీజిల్ పోసే తాహతు మఠానికి లేదు. దానికి ఓబులేసే ఒక ఉపాయం కనిపెట్టాడు. టౌన్లో మెకానిక్ షెడ్లవాళ్లు బండ్ల ఇంజన్లలోంచి దించేసిన పాత ఆయిల్‌ని ఊరికే ఇస్తారు. దాన్ని డ్రమ్ములో పోసి, కదపకుండా కొన్ని వారాలు వదిలేస్తే, అందులోని నీళ్లూ ఇనప రజనూ మసీ మడ్డిగా అడుక్కి దిగుతాయి. పైన తేరినదాన్ని గుడ్డలో వడగట్టి డీజిల్‌లో కలిపితే, పాతకాలపు ఇంజన్ కాదనకుండా తాగుతుంది. పొగ కాస్త ఎక్కువ వదులుతుంది. వెనక నడిచి వచ్చేవాళ్లు ఓబులేసును తిట్టుకుంటారు. అంతకు మించి నష్టం లేదు.

ఉపాయం మంచిదే. ఆ "కదపకుండా" అన్న దగ్గరే అతనికి చిక్కొచ్చి పడింది.

మొన్న వేసవి మొదట్లో టౌన్లో కంటి శిబిరం పెట్టారు. ఎక్కడినుంచో డాక్టర్లు వచ్చారు. హుసేన్‌బీ అని ఒక దూదేకుల ముసలామె ఉంది, బొంతలు కుట్టి బతుకుతుంది. రెండు కళ్లకూ పొర కమ్మి, సూదిలో దారం ఎక్కించడానికి కూడా ఇంకొకరి దగ్గరికి పోవలసి వస్తోంది. ఆమెను శిబిరానికి చేర్చే పని ఓబులేసుది. ఆ రోజుకు డ్రమ్ములో ఆయిల్ ఇంకా తేరలేదు. చూస్తే నల్లగానే ఉంది. తేరిందిలే అని తనకు తాను చెప్పుకుని, వడగట్టి పోసి బయలుదేరాడు.

ఘాటు మధ్యలో పెద్ద మలుపు దగ్గర బండి దగ్గింది, ఇంకోసారి దగ్గింది, ఆగిపోయింది. ఫిల్టర్ నిండా మడ్డి. దాన్ని విప్పి, కడిగి, పైపులు ఊది, పంపులో చేరిన గాలి తీసి మళ్లీ స్టార్టు చేసేసరికి పొద్దు వాలింది. టౌనుకు చేరేటప్పటికి శిబిరంలో షామియానా విప్పుతున్నారు.

హుసేన్‌బీ అతన్ని ఒక్క మాట కూడా అనలేదు. మలుపు దగ్గర రాతి మీద కూర్చుని, అతను పనిచేస్తున్నంతసేపూ, "అయిందా నాయనా?" అని నెమ్మదిగా అడుగుతూ వచ్చింది. తిట్టి ఉంటే బాగుండేది. ఆ "అయిందా నాయనా" ఓబులేసు చెవిలో దూరి మరి బయటికి రాలేదు.

వానలు మొదలయ్యేలోగా శిబిరం ఇంకొకటి ఉందన్నారు. అదీ తప్పితే పొర ముదిరిపోతుందనీ, తర్వాత చూపు వస్తుందని నమ్మకం లేదనీ అక్కడి నర్సు చెప్పింది.

ఓబులేసు కొత్త డ్రమ్ము నింపాడు. కొళాయిని అడుగుకు జానెడు పైన బిగించాడు, మడ్డి రాకుండా. అంతవరకూ అంతా పద్ధతిగానే చేశాడు. ఆ తర్వాత ఆగలేకపోయాడు. పొద్దున లేస్తూనే మూత తీసి చూసేవాడు. వెదురు కర్ర ఒకటి అడుగుదాకా దించి, మడ్డి ఎంత దిగిందో కొలిచేవాడు. గంజి తాగి వచ్చి మళ్లీ దించేవాడు. వేడి తగిలితే త్వరగా తేరుతుందని డ్రమ్మును వంచి, అంచు మీద దొర్లించుకుంటూ ఎండలోకి తీసుకుపోయాడు. మబ్బు పట్టేసరికి, వాన నీళ్లు పడతాయని మళ్లీ దొర్లించుకుంటూ కొట్టం కిందికి తెచ్చాడు. కర్ర పైనుంచి కిందిదాకా నల్లగానే వచ్చేది. నిన్నటికంటే ఈ రోజే ఎక్కువ నల్లగా ఉన్నట్టు అనిపించేది.

ఉండబట్టలేక అవ్వ దగ్గరికి పోయాడు.

"అవ్వా, ఆయిల్ తేరడంల్యా."

"ఎట్ల తెలిసె?"

"చూస్తానే ఉండా గదా."

అవ్వ వక్కాకు ఇంకో దవడకు మార్చుకుంది.

"కండ్లు మూస్తే డ్రమ్మే కనపడతాది," అన్నాడు ఓబులేసు. "కూర్చుంటే కూర్చోలేను, పండుకుంటే నిద్ర రాదు. మంత్రమేదన్నా ఉంటే చెప్పవ్వా. లేదంటే నన్ను యాడికన్నా పంపించెయ్యి. నాకు ఇది చేతగాదు."

అవ్వ అతన్ని ఒకసారి పైనుంచి కిందికి చూసింది. లేచింది. వంటింట్లోంచి స్టూలు తెప్పించుకుంది. కొట్టం కింద డ్రమ్ము పక్కన వేయించుకుని, ఒక మనిషి భుజం పట్టుకుని దాని మీదికెక్కి, అక్కడినుంచి డ్రమ్ము మూత మీదికి చేరి, కాళ్లు మడిచి కూర్చుంది. చీర సర్దుకుంది.

మఠంలో వాళ్లంతా పనులు వదిలేసి చూశారు. ఈ వయసులో ఈమెకు ఇదేం పాడుబుద్ధి అన్నట్టుంది వాళ్ల ముఖం.

"అవ్వా, దిగు," అన్నాడు ఓబులేసు. "మూత తియ్యాల."

"తియ్యి."

"నువ్వు కూర్చోనుండావే!"

"అవును గదా," అంది అవ్వ.

"మడ్డి ఎంత దిగిందో చూడాలవ్వా. హుసేన్‌బీ కంటి సంగతిది!"

"అందుకే కూర్చోనుండా."

ఆ రోజునుంచి మఠానికి పీఠం డ్రమ్ము మీదికి మారింది. కష్టం చెప్పుకోవడానికి వచ్చినవాళ్లు కింద నిలబడి మెడలెత్తి చెప్పుకున్నారు. అవ్వ గంజి కూడా అక్కడే తాగింది. చీకటి పడితే దిగి పోయేది కానీ, తన వక్కాకు సంచిని మూత మీద పెట్టి పోయేది. ఆ సంచిని ముట్టుకున్నవాడు ఆ మఠంలో ఇంతవరకూ లేడు.

మొదట్లో ఓబులేసుకి ఒళ్లు మండింది. కారు కింద దూరి బిగించిన నట్లనే మళ్లీ బిగించాడు. ఫిల్టర్ కడిగాడు, ఆరబెట్టాడు, మళ్లీ కడిగాడు. చేయడానికి ఏమీ మిగలక, అవ్వ ఎప్పుడు దిగుతుందా అని డ్రమ్ము ఎదురుగా వచ్చి కూర్చునేవాడు. ఆమె దిగేది కాదు. అతను లేచేవాడు, తిరిగి వచ్చి కూర్చునేవాడు. ఆమె చూపు దూరంగా కొండ మీద ఉండేది. నోరు మాత్రం నెమ్మదిగా ఆడుతుండేది.

ఒకరోజు హుసేన్‌బీ మనవరాలి చెయ్యి పట్టుకుని వచ్చింది. మాట వినిపించిన వైపు తలెత్తి, "అదేందవ్వా, గొంతు పైనుంచి వస్తాండాది? అటక ఎక్కినావా?" అంది.

"డ్రమ్మెక్కినాలే."

"మెత్తగుందా?"

"అంచు కరుచుకుంటాంది," అంది అవ్వ.

హుసేన్‌బీ నవ్వింది. ఓబులేసు తల వంచుకున్నాడు.

ఒక ఉదయం అతను వచ్చేసరికి డ్రమ్ము మీద అవ్వ లేదు, సంచీ లేదు. పక్క పల్లెలో ఎవరికో నొప్పులొస్తున్నాయంటే పోయిందన్నారు. కొట్టంలో ఎవరూ లేరు. వెదురు కర్ర గోడకు ఆనించి అలాగే ఉంది.

కర్ర చేతిలోకి తీసుకున్నాడు. శిబిరం దగ్గరపడింది. తేరకపోతే ఏం చేయాలి? ఇప్పుడు చూసుకుంటే ఇంకేదన్నా దారి వెతుక్కోవచ్చు. ఒక్కసారి. నెమ్మదిగా దించి, నెమ్మదిగా తీస్తే ఏమవుతుంది? ఎడమ చెయ్యి మూత మీద పడింది. చెవిలో ఆ మాట మళ్లీ మొదలైంది. అయిందా నాయనా?

"ఇంకా కాలేదు," అన్నాడు ఓబులేసు, పైకే.

కర్ర పట్టుకుని నేరుగా వంటింట్లోకి పోయి, గంజికుండ కింద పొయ్యిలో పెట్టేశాడు. ఆయిల్ తాగిన వెదురు, భగ్గుమంది. వంటామె దగ్గుతూ, కళ్లు తుడుచుకుంటూ అతన్నీ అతని కారునూ కలిపి తిట్టింది. ఓబులేసు వెనక్కి వచ్చి డ్రమ్ము ఎదురుగా కూర్చున్నాడు.

సాయంత్రం అవ్వ తిరిగొచ్చింది. డ్రమ్ము పక్కన కర్ర లేకపోవడం చూసింది, పొయ్యి దగ్గర గోడకు పట్టిన కొత్త మసిని చూసింది. ఆ తర్వాత డ్రమ్మెక్కలేదు.

శిబిరం రోజు వచ్చింది. ఓబులేసు కొళాయి తిప్పి, సీసాలో పట్టి ఎండకు ఎత్తి చూశాడు. డికాషన్ రంగులో ఉంది. సీసా వెనక తన వేలు కనబడింది. వడగట్టి, డీజిల్ కలిపి, పోశాడు.

బండి ఘాటు ఎక్కింది. పెద్ద మలుపు దగ్గరపడేకొద్దీ అతని చేతులు స్టీరింగుకు అతుక్కుపోయాయి. వెనక సీట్లోంచి హుసేన్‌బీ, "ఆ మలుపు ఇదేనా నాయనా?" అని అడిగింది.

"ఇదేమ్మా."

ఇంజన్ గొంతు మారలేదు. బండి మలుపు తిరిగింది. ఆనాడు హుసేన్‌బీ కూర్చున్న రాయి వెనకపడింది.

"దాటినామా?"

"దాటినామమ్మా," అన్నాడు. అతనికి రోడ్డు మసకగా కనపడింది. భుజంతో కళ్లు తుడుచుకున్నాడు.

వానలు పడి, తెరిపిచ్చాక హుసేన్‌బీ మఠానికి వచ్చింది. ఈసారి ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. చంకలో ఒక మూట ఉంది. విప్పితే గుండ్రటి మెత్త. పాత చీరల ముక్కలు, లోపల కొత్తగా ఏకిన దూది, అంచు చుట్టూ చీమల బారులాంటి సన్నటి కుట్టు. సరిగ్గా డ్రమ్ము మూత కొలతకు ఉంది.

"దారం నేనే ఎక్కించుకున్యా," అంది. "ఇంకెవరినీ అడగల్యా. ఇంక నీకు అంచు కరుచుకోదులే అవ్వా."

అవ్వ ఆ కుట్టు మీద వేలితో చుట్టూ రాసింది. చాలాసేపు రాసింది.

కొట్టం కింద అప్పటికే ఇంకో డ్రమ్ము నిండి ఉంది. నింపింది నిన్ననే. ఓబులేసు పరుగున పోయి స్టూలు తెచ్చి దాని పక్కన వేశాడు. భుజం అందించడానికి వంగి నిలబడ్డాడు.

"ఎక్కవ్వా."

అవ్వ మెత్తను అతని చేతుల్లో పెట్టింది.

"ఈ తూరి నువ్వు కూర్చో," అంది.

ఓబులేసు ఎక్కాడు. మెత్త వేసుకుని, కాళ్లు కిందికి వేలాడేసి కూర్చున్నాడు. కింద ఆడవాళ్లిద్దరూ మాటల్లో పడ్డారు. కాసేపటికి అతని కుడికాలు కదిలింది. మడమ డ్రమ్ముకు తగిలింది. లోపల ఆయిల్ అల్లాడిన చప్పుడు అతనికి వినిపించింది.

కాలు ఆగింది.