తలుపు కింద రాయి

కంబగిరికి తలుపంటే భయం పట్టుకుంది. తలుపుకు భయపడేవాడు కూడా ఉంటాడా అని నవ్వకండి. దయ్యాన్ని చూస్తేనే భయపడాలని ఏముంది?

కొండ కింద, రోడ్డుకు కాస్త ఎడంగా, ఫకీర్లు ఉండే చిన్న కట్టడం ఒకటి ఉంది. ఆ పక్క దాన్ని తకియా అంటారు. అక్కడుండే పెద్దాయన లతీఫ్ తాత. సాయిబులని లేదు, హిందువులని లేదు, చుట్టుపక్కల పల్లెలన్నిటికీ ఆయన తాతే. కంబగిరి ఆయన దగ్గర శిష్యుడుగా చేరి చాలా ఏళ్ళయింది. ఊడ్చేది, నీళ్ళు తెచ్చేది, దీపం పెట్టేది అతనే. పొద్దుగూకగానే వీధి తలుపు మూసి గడియ పెట్టేదీ అతనే. ఆ వేళకు గురువూ శిష్యుడూ కళ్ళు మూసుకుని దేవుడి పేరు తలుచుకుంటూ కూర్చుంటారు. తాత లోపల పీరు సమాధి పక్కన కూర్చుంటాడు. ఆయనకు చెవులు మందం. కంబగిరి తలుపు దగ్గర కూర్చుంటాడు.

నిజం చెప్పాలంటే కూర్చోవడమే గానీ, కంబగిరికి మనసు నిలిచిన రోజు లేదు. కళ్ళు మూస్తే చాలు, అది ఊరంతా తిరిగొచ్చేది. "నాకెప్పుడు వస్తుంది తాతా ఆ నిలకడ?" అని అడిగితే, "వచ్చినప్పుడు తలుపు తియ్యి" అనేవాడు తాత.

వానాకాలంలో ఒకరోజు అది వచ్చింది. బయట కుండపోత. లోపల కంబగిరి మనసు మొదటిసారి గాలి లేనిచోట దీపంలా నిలిచింది. అబ్బ, ఏం సుఖం అది! సరిగ్గా అప్పుడే ఎవరో తలుపు కొట్టారు.

ఆడమనిషి గొంతు. "అయ్యా, తలుపు తీయండయ్యా!" అని అరుస్తోంది. కంబగిరి విన్నాడు. కాసేపు కొట్టి పోతారులే అనుకున్నాడు. ఇప్పుడు లేస్తే ఈ సుఖం మళ్ళీ ఈ జన్మలో దొరుకుతుందో లేదో అనుకున్నాడు. చేత్తో కొట్టడం ఆగి, రాయితో కొట్టడం మొదలైంది. తర్వాత అదీ ఆగిపోయింది. అతను కళ్ళు తెరవలేదు.

జపమంతా అయ్యాక గడియ తీస్తే అరుగు మీద ఊళ్ళోని సుంకులమ్మ, ఆమె ఒళ్ళో మొగుడి తల. పొలం నుంచి వస్తూ ఈరన్న గుండె నొప్పితో కూలబడితే, ఆమె ఒక్కతే అంతదూరం ఈడ్చుకొచ్చింది. ఇంకొక మనిషి సాయం దొరికితే ఆస్పత్రికి చేరుద్దామని ఆశపడింది. తలుపు తెరిచేసరికి ఈరన్న చల్లబడిపోయాడు.

"వానలో వినపడలేదక్కా" అన్నాడు కంబగిరి. ఆ మాట దానంతటదే నోట్లోంచి వచ్చేసింది. తర్వాత ఊళ్ళోవాళ్ళు అడిగినప్పుడూ అదే చెప్పాడు. ఆ వానకు ఎవరికి మాత్రం వినపడుతుంది పాపం అని అందరూ నమ్మారు. తాత మాత్రం ఏమీ అడగలేదు.

తెల్లారాక అరుగు కింద పడున్న ఆ రాయిని తీసి, ఎవరూ చూడలేదనుకుని కంపచెట్లలోకి విసిరేశాడు కంబగిరి. రాయి పోయింది గానీ తలుపెక్కడికి పోతుంది? అది పాతకాలపు పలకల తలుపు. కింది పలక మీద గుంటలు పడ్డాయి. పొద్దున్నే అరుగు ఊడ్చేటప్పుడల్లా అవే కళ్ళబడేవి. దారినపోయేవాళ్ళు అరుగు మీద కూర్చుని తలుపు వైపు చూసినా చాలు, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేవాడు. ఆ సుఖం మళ్ళీ రాలేదు. కళ్ళు మూస్తే రాయి చప్పుడే.

ఒకనాడు ఉండబట్టలేక అడిగాడు. "తాతా, దేవుడి పేరు తలుచుకుంటున్నప్పుడు మధ్యలో లేవకూడదు కదా?"

"ఎవరు పిలిచినారు?" అన్నాడు తాత.

"ఎవరూ లేదు. ఊరికే అడిగినా."

"ఊరికే అడిగితే నేనేం చెప్పేది? పొయ్యి ఆరిపోతోంది, చూడుపో."

ఇంతలో పీరు పేర జరిగే ఉరుసు పండగ దగ్గరపడింది. కంబగిరికి దారి దొరికినట్టయింది.

"తాతా, గంధం నాటికి నాలుగూళ్ళ జనం వస్తారు. వీధి తలుపు మరీ వెలిసిపోయింది. రంగేద్దామా?"

తాత కాసేపు అతని మొహం చూశాడు. "వెయ్యి. బాగా మెరిసే నూనె రంగు తే."

"మెరుపు లేనిదైతే కంటికి చల్లగా ఉంటుందేమో తాతా."

"మెరిసేదే తే."

తాత వయసులో ఉండగా ఎద్దుల బండ్లకు రంగులేసి బతికినవాడు. అరుగు మీద చాప పరుచుకుని కూర్చుని, పెచ్చులు లేచిన పాత రంగు గీకించాడు. గరుకు కాగితంతో రుద్దించాడు. గుంటల్లో లప్పం పెడతానంటే పెట్టుకోమన్నాడు. "ముందు పలకలు. పలకల మూలల్లో రంగు నిలవనీకు, కారుతుంది. తర్వాత అడ్డకమ్ములు. చివరికి నిలువు కమ్ములు. తడి ఉండగానే ఒకదానికొకటి కలుపు, లేకుంటే అతుకు కనపడుతుంది" అని చెప్పాడు. అంతకుమించి ఆ పనిలో ఆయన మాట్లాడింది లేదు.

కంబగిరి ఒళ్ళు దాచుకోకుండా చేశాడు. లప్పం ఆరాక రుద్ది, కళ్ళు మూసుకుని తడిమితే ఎక్కడా ఏమీ తగల్లేదు. మర్నాడు పొద్దున్నే ఆకుపచ్చ రంగు మొదటి పూత వేశాడు. తలుపు కళకళలాడింది. అతనికి ప్రాణం లేచొచ్చింది. చాలా రోజుల తర్వాత ఆ మధ్యాహ్నం కడుపునిండా అన్నం తిన్నాడు.

సాయంత్రానికి రంగు చేతికి అంటకుండా ఆరింది. తలుపు దగ్గరికేసి, ఎలా ఉందో చూద్దామని అరుగు మీదికి వచ్చాడు. వాలిన ఎండ ఏటవాలుగా పలక మీద పడుతోంది. లోపల లప్పం కుంగింది. ఆ మెరుపులో ప్రతి గుంటా, అమ్మవారు పోసిన మొహం మీద మచ్చలాగా, విడివిడిగా కనపడుతోంది. వెలిసిపోయిన పాత రంగులోనే నయం, కొంచెమైనా మరుగున ఉండేవి.

"కనపడుతున్నాయా?" అన్నాడు తాత, చాప మీంచే.

"ఏవి తాతా?"

తాత చాప చుట్టుకోసాగాడు.

"రెండో పూత వేస్తే పోతాయి" అన్నాడు కంబగిరి తనే.

"వెయ్యి" అన్నాడు తాత.

మళ్ళీ లప్పం, మళ్ళీ గరుకు కాగితం. మర్నాడు పొద్దున్నే పూత వేద్దామంటే తాత గంధపు చెక్క తెమ్మని బజారుకు పంపాడు. పోయొచ్చి, దుమ్ము తుడిచి, పూత ముగించేసరికి పొద్దు కొండ మీదికి వాలింది. మెరుపు ఇంకా హెచ్చింది. గుంటలు ఎక్కడివక్కడే ఉన్నాయి. కంబగిరికి ఏడుపొచ్చినంత పనైంది. కుంచె డబ్బాలో పడేసి, వేళయింది కదా అని అలవాటు కొద్దీ తలుపు మూయబోయాడు.

"మూస్తే ఏమవుతుందిరా?" అన్నాడు తాత.

కంబగిరి చెయ్యి ఆగింది. "పచ్చి రంగు కదా, ద్వారబంధానికి అతుక్కుపోతుంది. మళ్ళీ తెరిస్తే పెచ్చులూడి వస్తుంది."

"అట్లైతే ఇయ్యాల తెరిచే ఉంచు."

"గాలికి అదే మూసుకుంటుంది తాతా."

తాత కర్ర పట్టుకుని లేచాడు. రోడ్డు పక్క కంపచెట్ల దాకా మెల్లగా పోయాడు. ఆ వయసులో, ఆ మసక చూపుతో, వంగి ముళ్ళల్లో చెయ్యి పెట్టి వెతకసాగాడు. "ఏం కావాల తాతా? ముళ్ళు గుచ్చుకుంటాయి, నేను తెస్తా" అని కంబగిరి వెంటపడ్డాడు. తాత వినిపించుకోలేదు. చివరికి ఒక రాయి పట్టుకుని వచ్చాడు. ముంజేతి మీద గీతలు పడి నెత్తురు చిమ్మింది. రాయి అంచున పాత రంగు పెచ్చు అంటుకునే ఉంది.

దాన్ని తెరిచిన తలుపు అడుగున, రంగుకు తగలకుండా, ఆనించాడు. కాలితో ఒకసారి నెట్టి, కదలదని చూసుకున్నాడు. లోపలికి పోయి తన చోట కూర్చున్నాడు.

కంబగిరి ఆ రాయిని గుర్తుపట్టాడు. తాతకు మొదటినుంచీ తెలుసు. లప్పం పెట్టుకోమన్నప్పుడూ తెలుసు, మెరిసే రంగు తెమ్మన్నప్పుడూ తెలుసు. భూమి చీలి మింగేస్తే బాగుండుననిపించింది. అయినా దీపం పెట్టి వచ్చి తలుపు దగ్గర కూర్చున్నాడు. కళ్ళు మూతపడలేదు.

రోజూ ఆ వేళకే సుంకులమ్మ కూలి పని నుంచి ఆ దారిన పోతుంది. తకియా దగ్గరికి వచ్చేసరికి తల పక్కకు తిప్పుకుని, అడుగులు పెద్దవి చేసి పోతుంది. ఆ రోజు తెరిచిన తలుపూ, లోపల దీపమూ చూసి నిలబడిపోయింది. మెల్లగా గడప దాకా వచ్చింది.

"ఇయ్యాల మూయలేదేమప్పా?" అంది.

"రంగు పచ్చిగా ఉందక్కా."

దీపం వెలుగు పలక మీద పడి మెరుస్తోంది. సుంకులమ్మ వంగి చూసింది. వేలితో ఒక గుంటను తాకింది. వేలికి రంగంటింది. పక్కదాన్నీ తాకింది.

"ఇవి నేను కొట్టినవేనా?"

కంబగిరి ఆ గుంటల వైపు చూశాడు. ఎప్పటివో పాతవి అనొచ్చు. బండి చక్రం తగిలింది అనొచ్చు. అట్లాంటి మాటలు నాలుక చివర సిద్ధంగానే ఉన్నాయి. మోకాలి పక్కనే రాయి ఉంది.

"నువ్వు కొట్టినవే అక్కా."

"ఇంత లోతుగా పడినాయా?"

"పడినాయి. నాకు వినపడిందక్కా. అంతా వినపడింది. తెరవలేదు."

ఆమె శాపనార్థాలు పెడుతుందనుకున్నాడు, దుమ్మెత్తి పోస్తుందనుకున్నాడు. అదేమీ చేయలేదు. గడప మీద కూలబడింది.

"నేనే గట్టిగా కొట్టలేదేమో అనుకుంటున్నానప్పా" అంది. "ఇన్ని దినాలూ. ఇంకొంచెం గట్టిగా కొట్టింటే నీకు వినపడేదేమో, మనిషి బతికేవాడేమో అని. పడుకుంటే అదే, లేస్తే అదే. ఈ చేతుల్ని ఎంత తిట్టుకున్నానో."

తన భయం తను మోయడమే గానీ, తన అబద్ధం ఇంకొకరి నెత్తిన ఇంత బరువు పెట్టిందని కంబగిరికి అప్పటిదాకా తోచనే లేదు. ఆమె కాళ్ళ మీద పడబోయాడు. సుంకులమ్మ కాళ్ళు వెనక్కి తీసుకుంది.

"చివర్లో నీళ్ళడిగినాడు" అంది. "వాన నీళ్ళే దోసిట పట్టి పోసినా."

లేచి, ఆకుపచ్చ వేళ్ళను కొంగుకు తుడుచుకుంది. క్షమించాననీ అనలేదు, లేదనీ అనలేదు. వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

తెల్లారి చూస్తే గుంటల్లో ఆమె వేలిముద్రలు అట్లాగే ఆరిపోయి ఉన్నాయి. కుంచె ఒకసారి ఆడిస్తే పోతాయి. కంబగిరి డబ్బా మూత బిగించి లోపల పెట్టేశాడు. ఊళ్ళోకి పోయి, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ జరిగింది చెప్పాడు. కొందరు మొహాన్నే ఉమ్మారు. నువ్వున్నంత కాలం ఆ గడప తొక్కేది లేదన్నారు కొందరు. మధ్యాహ్నానికి తిరిగొచ్చి అరుగు ఊడ్చుకున్నాడు.

పొద్దుగూకింది. దీపం పెట్టడం అయింది. తాత తన చోట కూర్చుని పిలిచాడు.

"రంగు ఆరిందేమో చూడరా."

కంబగిరి తలుపు మీద అరచెయ్యి ఆనించాడు. పొద్దున్నుంచీ మంచి ఎండ కాసింది. పలకలూ కమ్ములూ అంచులూ అన్నీ గట్టిపడ్డాయి. చేతికి ఏమీ అంటలేదు. వంగి రాయి వైపు చూశాడు. బయట రోడ్డు మీద ఎవరూ లేరు, చీకటి కమ్ముకుంటోంది.

"లేదు తాతా" అన్నాడు. "ఇంకా ఆరలేదు."

తాత కళ్ళు మూసుకున్నాడు.